తీరం అందరిదీ, ముఖం అమానతు

పండుగ వెళ్ళిన రెండవ రోజో మూడవ రోజో తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల ముస్లిం కుటుంబాలు సముద్రానికి ప్రయాణం కడతాయి. తెనాలి వారికి బాపట్ల దాకా రైలు ఉంది. అక్కడి నుండి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. రేపల్లె వారికి నిజాంపట్నం దగ్గరే అయినా అది చేపల రేవు. పిల్లలు ఇసుకలో ఆడుకోవాలంటే వారు కూడా సూర్యలంకకే వస్తారు. ఇంటి నుండి తెచ్చుకున్న బిర్యానీ గిన్నె, పరచుకోవడానికి చాప, అస్ర్ నమాజుకు జానమాజు, అలల అంచున బురఖా కొసలు తడుపుకుంటూ నడిచే తల్లులు, మనుమలను భుజాలకెత్తుకున్న తాతలు. సంవత్సరమంతా నాలుగు గోడల మధ్య గడిపే గృహిణులు మన మొహల్లాలలో ఇంకా ఉన్నారు. వారికి ఆ ఒక్క పూట సముద్రపు గాలి అల్లాహ్ ప్రసాదించిన తక్కువ వరమేమీ కాదు.

ఆ తీరంలో ఒకప్పుడు కెమెరా మెడలో వేసుకొని తిరిగేవారు నలుగురైదుగురు మాత్రమే కనిపించేవారు. నేడు వచ్చిన ప్రతి మనిషి చేతిలోనూ కెమెరా ఉంది. ఎవరు ఎవరిని ఫోటో తీయవచ్చు, తీసిన దానిని ఏమి చేయవచ్చు, తీయబడినవారికి అందులో హక్కు ఏమైనా ఉందా అన్న ప్రశ్నలు ఇదివరకు న్యాయవాదులకు మాత్రమే సంబంధించినవి. నేడవి ప్రతి ఇంటి గుమ్మంలోకీ వచ్చాయి. ఒక కుటుంబం మూలంగా అవి మా ముందుకు కూడా వచ్చాయి. ఆ కుటుంబం అనుమతితోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. వారి పేర్లుగాని, వీధిగాని చెప్పము. ఈ వ్యాసం విషయమే అది కనుక చెప్పడం ఎలాగూ తగదు.

రేపల్లె వైపు నుండి వచ్చిన ఆ తండ్రి చిన్న వ్యాపారి. గడచిన బక్రీద్ తరువాత కుటుంబమంతా సూర్యలంక వెళ్ళారు. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న పెద్దమ్మాయి చెల్లెలి చేయి పట్టుకొని నీళ్ళలో దిగింది. ఒక పెద్ద అల వచ్చి ఇద్దరినీ పడగొట్టింది. ఇద్దరూ నవ్వుకుంటూ లేచారు. తడిసిన బురఖా ఒంటికి అంటుకుంది. ఆ కొద్ది క్షణాలను దగ్గరలో నిలిచిన ఒక యువకుడు ఫోనులో పట్టాడు. నాలుగు రోజుల తరువాత ఒక సినిమా పాట తగిలించుకొని ఆ దృశ్యం బంధువుల ఫోను దాకా వచ్చింది. అందులో అశ్లీలమనదగినది ఏదీ లేదు. దాని కింద వచ్చిన వ్యాఖ్యలే చదవరానివి. బురఖాను ఎగతాళి చేసినవి కొన్ని, అమ్మాయి శరీరం గురించి వ్రాసినవి కొన్ని, ముస్లిం ఆడపిల్లకు ఈ కేరింతలేమిటని మనవారే వ్రాసినవి కొన్ని. తండ్రిని ఎక్కువగా గాయపరచినవి ఈ చివరివే.

ఆయన తెనాలి వచ్చి మా మదరసాలో కూర్చుని రెండు ప్రశ్నలు అడిగారు. "హజ్రత్, ఆ కుర్రవాడి మీద కేసు పెట్టవచ్చా? అమ్మాయిని కాలేజీ మాన్పించడం మంచిదా?" ఆయన మనసులో అవి రెండూ ఒకే ప్రశ్నగా కలిసిపోయి ఉన్నాయి. అమ్మాయి తన తల్లితో కలిసి లోపల మా ఇంటి ఆడవారి దగ్గర కూర్చుని ఉంది. పరదా వెనుక నుండే నెమ్మదిగా అన్నది: "ఉస్తాద్‌జీ, వీడియో తీసింది అతను. ఇంట్లో కూర్చోవలసింది మేమా?"

ఆ మాటకు అప్పటికప్పుడు చెప్పిన జవాబు చిన్నది. ఇక్కడ దానిని వివరంగా చెప్పడం అవసరమని తోచింది.

చట్టం ఎంత దూరం వస్తుంది?

వీడియో పెట్టిన ఖాతాను బట్టి ఆ యువకుడు ఎవరో తెలిసింది. పెద్దమనుషుల ద్వారా కబురు పెడితే వచ్చాడు. చెడ్డవాడిలా కనిపించలేదు. "పబ్లిక్ ప్లేసే కదండీ సాయిబు గారూ, ఎవరైనా తీసుకోవచ్చు కదా" అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. అయితే అది పూర్తి నిజం కూడా కాదు.

సముద్రతీరం వంటి బహిరంగ ప్రదేశంలో ఫోటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. రక్షణ స్థావరాలను చిత్రించడం 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద పెద్ద నేరమవుతుంది. ఆ హద్దు దాటనంత వరకు అలలను, పడవలను, సూర్యోదయాన్ని, జనసమూహాన్ని ఎవరైనా కెమెరాలో బంధించవచ్చు.

మనుషుల విషయంలో చట్టం కొన్ని గీతలు గీసింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ ప్రకారం, స్నానం చేయడం, దుస్తులు మార్చుకోవడం వంటి ఏకాంత సమయంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా చూడడం, చిత్రించడం, ఆ చిత్రాన్ని పంచడం నేరం. మొదటిసారికి ఒకటి నుండి మూడు సంవత్సరాల వరకు శిక్ష. ఆ సెక్షన్‌లోనే మరొక ముఖ్యమైన వివరణ ఉంది: చిత్రం తీయడానికి స్త్రీ ఒప్పుకున్నా, దానిని పంచడానికి ఒప్పుకోకపోతే, పంచడం నేరమే. తీయడానికి ఇచ్చిన అనుమతి, పంచడానికి ఇచ్చిన అనుమతి కాదన్నమాట. 79వ సెక్షన్ స్త్రీ మర్యాదను అవమానించే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోకి చొరబడడాన్ని శిక్షిస్తుంది. సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఇ సెక్షన్ స్త్రీ పురుషులు ఎవరి రహస్యాంగాలనైనా అనుమతి లేకుండా చిత్రించడాన్ని, ప్రచారం చేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది.

కాని నిండుగా దుస్తులు ధరించి, అందరి మధ్య నిలబడి ఉన్న స్త్రీ విషయం వచ్చేసరికి ఈ గీతలు పలుచబడతాయి. 2024 నవంబరులో కేరళ హైకోర్టు ముందుకు, ఇంటి ముందు నిలబడి ఉన్న స్త్రీని ఫోటో తీశారన్న కేసు వచ్చింది. ఏకాంతాన్ని ఆశించడానికి వీలు లేని చోట తీసిన ఫోటో పాత శిక్షాస్మృతిలోని దొంగచూపుల సెక్షన్ కిందికి రాదని కోర్టు చెప్పింది. ఉద్దేశాన్ని, ప్రవర్తనను బట్టి వేరే సెక్షన్లు వర్తించే అవకాశాన్ని మాత్రం మూసివేయలేదు. మరోవైపు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా ప్రకటించింది. బహిరంగ ప్రదేశంలోకి వచ్చినంత మాత్రాన మనిషి ఆ హక్కును ఇంటి దగ్గర వదలిరాడన్న భావం ఆ తీర్పులో ఉంది.

ఈ రెండింటి మధ్య చాలా ఖాళీ స్థలం మిగిలి ఉంది. ఆ అమ్మాయి నిలబడినది సరిగ్గా ఆ ఖాళీలోనే. చట్టం మౌనం వహించిన చోట ధర్మం మాట్లాడవలసి ఉంటుంది.

ఫోటోగ్రాఫర్ హక్కు కూడా హక్కే

ధర్మం మాట్లాడేటప్పుడు రెండు పక్షాలనూ వినాలి. సూర్యలంకలో చాలా కాలంగా ఫోటోలు తీసి పొట్ట పోసుకుంటున్న ఒకరితో ఆ రోజులలోనే మాట్లాడాము. సెల్‌ఫోన్లు వచ్చాక తమ పని పడిపోయిందని, ఆదివారాలు, కార్తీక మాసపు స్నానాలు, పండుగ సెలవులు తప్ప మిగిలిన రోజులలో బేరమే ఉండదని చెప్పాడు. ఒకసారి ఒక కొత్త జంటకు ఫోటో తీస్తుండగా వెనుకగా పోతున్న ఒక కుటుంబం చిత్రంలో పడిందట. వారి మగవారు వచ్చి కెమెరా లాక్కొని, అందులోని కార్డు విరిచేశారట. ఆ రోజు సంపాదనంతా ఆ కార్డులోనే ఉంది. "అడిగి ఉంటే నేనే చెరిపేసేవాణ్ణి సాబ్" అన్నాడు. తమలో పాత పద్ధతి ఏమిటో కూడా చెప్పాడు. ముందు పలకరిస్తారు, తీయమంటారా అని అడుగుతారు, తల ఊపాకే కెమెరా ఎత్తుతారు. బేరం కోసం పుట్టిన పద్ధతే కావచ్చు. కాని అందులో ఎంత మర్యాద ఉందో చూడండి!

కెమెరా చేసే మేలును కూడా మన తీరప్రాంతం వారు మరువరాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి, మన తీరమంతటినీ అతలాకుతలం చేసినప్పుడు పది వేలమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయిన సంగతి దూరప్రాంతాలవారు కళ్ళారా చూసింది పత్రికలలో అచ్చయిన ఫోటోల ద్వారానే. ఆనాడు ప్రతి ముఖం దగ్గరా ఆగి అనుమతి అడగడం సాధ్యమయ్యేది కాదు. బాధితుల గోడును లోకానికి వినిపించడానికి తీసిన చిత్రం సాక్ష్యం వంటిది. అన్యాయాన్ని చూసినవాడు సాక్ష్యాన్ని దాచరాదని ఖుర్ఆన్ ఆదేశం. తీరాన్ని ఆక్రమించేవారిని, ఇసుకను దోచేవారిని, బలహీనుని కొట్టేవారిని చిత్రించే కెమెరాను మూయించడం మన పక్షం కారాదు.

కనుక ఫోటోలు తీయడమే పాపమన్నట్లు మాట్లాడితే ప్రశ్న తీరదు. కెమెరా చిత్రం తస్వీరు నిషేధం కిందికి వస్తుందా రాదా అన్న విషయంలో మన ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ దానిని ధర్మసమ్మతమని వ్రాశారు. దేవ్‌బంద్ పండితుడు ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు అందుకు భిన్నంగా వ్రాశారు. ఆ చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. ధర్మసమ్మతమన్న పండితులు సైతం ఇతరులకు హాని కలిగించే చిత్రాన్ని ధర్మసమ్మతం అనలేదు. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్న ప్రవక్త (స) బోధ ఫిఖహ్ శాస్త్రానికి మూలస్తంభాలలో ఒకటి.

దైవప్రవక్త (స) ఎవరి ముఖాన్ని తిప్పారు?

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాము. దానికి జవాబు హజ్జతుల్ విదా సందర్భంలో ఉంది. సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఉదంతమిది. దైవప్రవక్త (స) వాహనం మీద ఆయన వెనుక హజ్రత్ ఫజ్ల్ బిన్ అబ్బాస్ (ర) కూర్చుని ఉన్నారు. ఆయన యువకుడు. ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ వచ్చి, వాహనం మీద నిలకడగా కూర్చోలేని తన వృద్ధ తండ్రి తరఫున హజ్ చేయవచ్చునా అని అడిగింది. ఫజ్ల్ ఆమె వైపు చూడసాగారు. దైవప్రవక్త (స) తన చేతితో ఫజ్ల్ ముఖాన్ని మరోవైపు తిప్పారు. ఆ స్త్రీకి మాత్రం ఆమె అడిగిన దానికి సూటిగా జవాబిచ్చారు, చేయవచ్చునని.

ఇది జరిగిన చోటును గమనించండి. ఏకాంత గృహం కాదు. లక్షమందికి పైగా గుమికూడారని చెప్పే హజ్ బాటలో, నడి దారిలో జరిగింది. అంతకన్నా బహిరంగ ప్రదేశం ఏముంటుంది? అక్కడ ఆయన స్త్రీని వెళ్ళిపొమ్మనలేదు. ఎందుకు వచ్చావని అనలేదు. ఆమె పనిని ఆపలేదు. తిప్పవలసిన ముఖం చూసేవాడిది అని తన చేతితోనే చూపారు. నూర్ సూరాలో కూడా చూపులు దించుకోమన్న ఆజ్ఞ మొదట పురుషులకే వచ్చింది. స్త్రీలను సంబోధించే వాక్యం ఆ తరువాతది. స్త్రీకి పరదా ఆదేశం ఉన్నది నిజమే. కాని ఆమె పరదా చూసేవాడి బాధ్యతకు బదులు కాదు.

చూపు క్షణంలో గడచిపోతుంది. కెమెరా చూపు గడచిపోదు. అది నిలుస్తుంది, వేలమంది చూపులకు తలుపు తెరుస్తుంది. ఒకతను దైవప్రవక్త (స) గదిలోకి కన్నంలో నుండి తొంగి చూసినప్పుడు ఆయన తీవ్రంగా ఆగ్రహించి, లోనికి రావడానికి అనుమతి అడగడమన్నది విధించబడినదే చూపు కోసమని వివరించారు. కాలు గడప దాటకపోయినా చూపు దాటితే చొరబాటే అన్నమాట. ఎదుటి మనిషి ముఖం వైపు గురి పెట్టి చిత్రం తీసేవాడు కూడా ఒక గడప ముందు నిలబడినట్లే. సలాం చెప్పి, అడిగి, అనుమతి దొరికితే తీయాలి. లేకపోతే మరలిపోవాలి. అనుమతి దొరకనప్పుడు వెనుదిరగడమే మీకు పవిత్రమైనదని ఖుర్ఆన్ ఇళ్ళ విషయంలో బోధించింది.

అయితే జనం నిండిన తీరంలో ప్రతివారినీ అడగడం సాధ్యమా? ఇక్కడ ఫిఖహ్ పండితులు చేసిన ఒక విభజన పనికివస్తుంది. అసలు ఉద్దేశించినది వేరు, దానికి అనుబంధంగా వచ్చి చేరినది వేరు. అసలుకు చెల్లని సడలింపు అనుబంధానికి చెల్లుతుంది. అలలను తీస్తుంటే చిత్రంలో దూరంగా పదిమంది పడితే తప్పు పట్టనవసరం లేదు. పదిమందిలో నుండి ఒకరిని ఏరుకొని, దగ్గరకు లాగి, ఆమెనే చిత్రానికి విషయం చేస్తే అడగకుండా తీయరాదు.

దూరదేశపు న్యాయస్థానం ఒకటి ఇంచుమించు ఇదే చోటికి చేరుకోవడం ఆసక్తికరం. 1988లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న పదిహేడేళ్ళ అమ్మాయిని ఒక ఫోటోగ్రాఫర్ తీశాడు. అది ఒక కళా పత్రికలో అచ్చయింది. అందులో అసభ్యత ఏమీ లేదు. తోటి విద్యార్థులు నవ్వారని ఆ అమ్మాయి కోర్టుకు వెళ్ళింది. 1998లో కెనడా సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చి రెండు వేల డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది. జనసమూహంలో యాదృచ్ఛికంగా కనిపించేవారి విషయం వేరని, ఒక్కరినే ముఖ్యవిషయంగా చేసి ప్రచురించడానికి అనుమతి కావాలని ఆ తీర్పు సారాంశం. క్యుబెక్ రాష్ట్రపు చట్టం మనకు వర్తించదు. అయినా న్యాయబుద్ధి ఎక్కడిదైనా మనకు పరాయిది కాదు.

పరదా స్త్రీల స్టూడియో

ఇంకొక అపోహను కూడా తొలగించాలి. పరదా పాటించే స్త్రీలకు చిత్రమంటేనే గిట్టదని, అందుకే ఈ రాద్ధాంతమని కొందరు అంటారు. హైదరాబాదులో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ 1892లో స్త్రీల కోసమే ఒక జనానా స్టూడియోను తెరిచారు. పరదాకు భంగం రాకుండా, మగవారి ప్రమేయం లేకుండా, ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో అక్కడ ఫోటోలు తీసేవారు. పరదా ఇళ్ళ స్త్రీలు తమ ఇష్టప్రకారం అక్కడ చిత్రాలు తీయించుకునే వీలు కలిగింది. ఎవరు తీస్తున్నారు, ఎవరు చూస్తారు అన్నది తమ చేతిలో ఉండాలన్నదే వారి పట్టు. నూట ముప్పై ఏళ్ళ క్రితం ఒక జైన ఛాయాచిత్రకారుడు ముస్లిం స్త్రీల ఈ కోరికను మన్నించగలిగినప్పుడు, నేటి ఫోను యజమానికి అది ఎందుకు కష్టం కావాలి?

ఆ పట్టు సడలితే ఏమవుతుందో మనం చూశాము. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరొకసారి దేశంలోని ముస్లిం మహిళల ఫోటోలను సామాజిక మాధ్యమాల నుండి ఎత్తుకుపోయి, వారిని వేలానికి పెట్టినట్లు నటించే యాప్‌లను తయారుచేశారు. అవన్నీ మామూలు ఫోటోలే. తీసినప్పుడు వాటిలో ఏ చెడూ లేదు. ఎవరి అమానతు వారి చేతి నుండి జారితే అది ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

మన చేతిలోని ఫోను

వేలు ఎదుటివారి వైపే చూపితే న్యాయం సగమే అవుతుంది. కార్తీక మాసంలో హిందూ సోదరీమణులు సూర్యలంకకు సముద్ర స్నానానికి వస్తారు. తడిబట్టలతో ఒడ్డుకు చేరే ఆ తల్లుల వైపు మన యువకుడి ఫోను తిరిగితే అది కూడా అదే పాపం. మన అమ్మాయికి ఒక న్యాయం, వారి అమ్మాయికి ఒక న్యాయం ఇస్లాంలో లేదు. ఫజ్ల్ (ర) ముఖాన్ని తిప్పిన చేయి మన ముఖాన్ని కూడా తిప్పుతుంది.

నిజాంపట్నం రేవులో చేపలు ఆరబోసే స్త్రీలు, వల లాగే వృద్ధులు మన వినోదానికి దృశ్యాలు కారు. అది వారి పనిచోటు. మన దుకాణంలోకి ఎవరో వచ్చి అడగకుండా మన మీద కెమెరా పెడితే ఊరుకుంటామా? ఒడ్డున బట్టలు లేకుండా ఆడుకునే పసివారి చిత్రాలు, మన పిల్లలవైనా సరే, స్టేటస్‌లలో పెట్టరాదు. ఆ పసివాడు రేపు పెద్దవాడవుతాడు. వాడి తరఫున ఇవాళ సిగ్గుపడవలసింది మనమే.

ఇంకా బాధాకరమైనది మరొకటి. సూర్యలంకలోనూ, చీరాల దగ్గరి వాడరేవులోనూ సముద్రంలో మునిగి చనిపోయిన వారి వార్తలు తరచుగా వింటున్నాము. ఒడ్డుకు చేర్చిన శవం చుట్టూ ఫోనులు లేస్తాయి. ఆ మృతుని తల్లికి కబురు అందకముందే చిత్రం అందుతుంది. మృతునికి స్నానం చేయించేవాడు తాను చూసిన లోపాన్ని దాచితే అల్లాహ్ అతన్ని మన్నిస్తాడన్న శుభవార్త విని పెరిగిన సమాజం మనది. మన చేతిలో గుడ్డ ఉంటే కప్పాలి, లేకపోతే కనీసం ఫోను దించాలి.

డబ్బు ఇచ్చి ఫోటో తీయించుకునేవారికి తెలియని ఒక మాట కూడా చెప్పాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా ఫోటో హక్కు తీసినవాడిది. కాని మనం కోరి, డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటో మీద, వేరే ఒప్పందం లేనంత వరకు, తొలి హక్కు మనదే. కాబట్టి బీచ్‌లో తీయించుకున్న కుటుంబ చిత్రాన్నిగాని, నికాహ్ ఆల్బమునుగాని తన దుకాణం అద్దంలోనో, ప్రచారంలోనో వాడుకోవద్దని చెప్పే అధికారం మీకు ఉంది. మొదటే మర్యాదగా చెప్పి, వీలైతే కాగితం మీద వ్రాయించుకోండి. అతను తన సంతోషం కోసం తీసిన అలల చిత్రం మాత్రం అతనిదే. దానిని అడగకుండా మన పత్రికలో, మన పోస్టరులో వాడడం మనకు తగదు.

జరిగినప్పుడు ఏమి చేయాలి?

తీరంలో ఎవరైనా మీ ఇంటివారిని తీస్తున్నట్లు కనబడితే దగ్గరకు వెళ్ళి మృదువుగా అడగండి. నూటికి ఎక్కువమంది చెరిపేస్తారు. ఫోను లాక్కోవడం, చేయి చేసుకోవడం హరాము, చట్టం ముందు నేరం కూడా. తప్పు అతనిది కాస్తా మనది అవుతుంది. వినకపోతే 112కు ఫోను చేయండి.

చిత్రం అప్పటికే వ్యాపించి ఉంటే మొదట దాని స్క్రీన్‌షాటు, చిరునామా, తేదీ, సమయం భద్రపరచండి. ఖండించడానికైనా సరే, దానిని మరొకరికి పంపవద్దు; పంపిన ప్రతిసారీ ఆ పిల్లను మరొక వీధిలో నిలబెట్టినట్లే. ఆ మాధ్యమంలో ఫిర్యాదు చేయండి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. 1930 నంబరు సైబర్ నేరాలకు, 181 మహిళల సహాయానికి పనిచేస్తాయి. 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలోకి పోయాయి, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలింది. మా పరిధి కాదంటారేమోనన్న భయం వద్దు. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు స్వీకరించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నది.

ఆ యువకుడి విషయంలో పోలీసుల దాకా పోవలసిన అవసరం రాలేదు. ఆ తండ్రి అతనితో ఒక్క మాటే అన్నారు: "బాబూ, నీ చెల్లెలు నీళ్ళలో పడినప్పుడు నువ్వు చేయి అందిస్తావు గాని, ఫోను తియ్యవు కదా." అతను తలవంచుకొని అక్కడికక్కడే తొలగించాడు. అప్పటికే పాకిపోయిన ప్రతులు మాత్రం అతని చేతిలో కూడా లేవు. అమ్మాయి కాలేజీకి వెళుతున్నది. మొదటి వారం వెళ్ళనన్నదట. తండ్రే స్వయంగా వెంట వెళ్ళి దిగబెట్టారట.

ఆడపిల్ల చిత్రం బయటపడగానే ఆమె చదువును, పెళ్ళిని, నడకను బిగించివేయడం మన ఇళ్ళలో సులభమైన మార్గమైపోయింది. దొంగ పడిన ఇంటిలో సొమ్ము పోగొట్టుకున్నవాడిని బంధించే న్యాయం అది. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో సహాబాలను ముందుకు సాగిపొమ్మని చెప్పి, ఆ తరువాత హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేసుకున్నారు. స్త్రీ ఆరుబయట నవ్వడాన్ని, పరుగెత్తడాన్ని ఆయన ఆపలేదు. చూపులను ముందుకు పంపించారు. గృహయజమానులు ఆ సున్నతును గుర్తుంచుకోవాలి. రద్దీ తక్కువ ఉండే వేళను ఎంచుకోండి, తీరంలో కాస్త ఎడంగా ఉన్న చోటు చూడండి, ఆడవారు నీళ్ళలో ఉన్నప్పుడు మగవారు అటు వీపు చేసి కాపలాగా నిలబడండి. తీసుకువెళ్ళడం మాత్రం మానకండి.

సముద్రాన్ని అల్లాహ్ అందరి కోసం సృష్టించాడు. దాని అందాన్ని చూడడానికి కన్ను ఇచ్చాడు, భద్రపరచుకోవడానికి సాధనమిచ్చాడు. తోటి మనిషి ముఖాన్ని మాత్రం మన దగ్గర అమానతుగా ఉంచాడు. ప్రళయ దినాన చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించబడుతుందన్న హెచ్చరికలో నేడు మన చేతిలోని ఈ చిన్న అద్దపు కన్ను కూడా చేరి ఉందని గ్రహించాలి. అల్లాహ్ మన చూపులను శుభ్రపరచుగాక! మన ఆడబిడ్డల నవ్వును వారికే మిగుల్చుగాక! ఇతరుల లోపాలను కప్పేవారిలో మనలను చేర్చి, మన లోపాలను ఇహపరాలలో కప్పుగాక! ఆమీన్.